తీగ పిట్టలు

మొదటి పిట్టను చూసింది డాలీ.

"అక్కా, ఈ పిట్ట ఎగర్దేటి?"

బడికి పోయే అడ్డదారిలో, పనస కొమ్మకు వేలాడుతోంది. ఇనుప తీగతో అల్లిన పికిలిపిట్ట. నెత్తిన జుట్టు కూడా ఉంది.

జాయ్స్ చెల్లెలి చెయ్యి పట్టుకుని పరుగు తీసింది.

వారం తిరిగేసరికి ఆ దారిలో ఐదు పిట్టలయ్యాయి.

"సిల్లంగి, సేతబడి," అంది నాయనమ్మ. "ఎవుడో కట్టీసేడు. ఐదు పిట్టలు, ఐదు పేణాలు."

"మనం చర్చికెల్తాం కదా నాయనమ్మా?"

"సర్చికెల్లినోల్లకి జొరం రాదేటే?"



శనివారం బడి నుంచి వస్తుంటే ఆ దారిలో ఒకతను కనిపించాడు. బక్కపలచటి మనిషి. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, పైన వాలిన పిట్టను చూసి బొమ్మ గీస్తున్నాడు. గీయడం ఆపి, పొదలోంచి ఇనుప తీగ లాగి చేతికి చుట్టుకున్నాడు.

అక్కచెల్లెళ్లను చూసి లేచాడు.

"పాపా, ఈ దారిన రాకండి. రోడ్డు మీంచి వెళ్లండి."

జాయ్స్ చెల్లెలిని లాక్కుంటూ ఇంటికి పరుగెత్తి, చిన్నాన్న ధనరాజుకు చెప్పింది.

"తీగ ఎంత తీసేడు?" అన్నాడు ధనరాజు.

"పెద్ద చుట్ట, చిన్నాన్నా."

ధనరాజు కర్ర అందుకున్నాడు. అతని వెనుక ఊళ్లోవాళ్లు పదిమంది.

"నే చెప్పేది వినండి. ఇది పిల్లలు నడిచే దారి..." అంటున్నాడు ఆ మనిషి.

"నోర్ముయ్‌రా! పిల్లల మీదే సిల్లంగి ఎడతావా?"

ధనరాజు చెంప మీద కొట్టాడు. ఎవరో సంచి లాక్కుని లోయలోకి విసిరారు. అతన్ని ఊళ్లోకి ఈడ్చుకొచ్చి, అరకు పోయే జీపులోకి తోసేశారు.

జీపు కదులుతుంటే అతను జాయ్స్ వైపే చూశాడు.

"రోడ్డు మీంచే వెళ్లమ్మా."

జాయ్స్ నాయనమ్మ వెనక్కి నక్కింది.

పిట్టలన్నిటినీ రాళ్లతో చితక్కొట్టారు.

సోమవారం పొద్దున్న దారి ఖాళీగా ఉంది. చాలా రోజులకు జాయ్స్ గుండె కుదుటపడింది. వెంట వచ్చిన కుక్క ముందు ఉరికింది. దాని వెనకే డాలీ గెంతుతోంది.

కుక్క ఒక్కసారి కుయ్యిమంది. ఎగిరి పడి, మళ్లీ కదల్లేదు.

జాయ్స్ చెల్లెలి సంచి పట్టి వెనక్కి గుంజింది. రెండడుగుల్లో, గడ్డిలో, చీలమండ ఎత్తున సన్నటి తీగ. దూరంగా కరెంటు స్తంభం దాకా పోయింది.

"ఆగండే! అడుగెయ్యకండి!"

వెదురుగడతో ధనరాజు పరుగున వచ్చాడు. స్తంభం మీది కొక్కెం లాగి పడేశాడు. డాలీని ఎత్తుకుని అక్కడే కూలబడ్డాడు. 

"అడివి పందుల కోసరం ఏసేను. తెల్లారీలోపు బేగి తీసీద్దారనుకున్నాను..."

"ఎప్పుడేసేవు చిన్నాన్నా?"

"రోజూ ఏత్తాను."

"మరి ఇన్నాళ్లూ మాకేటీ అవలేదే?"

ధనరాజు చచ్చిన కుక్క వైపు చూశాడు.

"నేను కట్టిన తీగల్లా, సాయంత్రం కరెంటు తగిలించీలోపే ఆ పిట్టలోడు పీకీసీవోడు."