ఒక్క సబ్జా కొమ్మ

మొక్కకు పట్టిన పురుగును చంపితే పాపమా అన్న సందేహం చాంద్‌బీకి ఏళ్ల నాటిది. సమాధి మీద పెట్టిన సబ్జా కొమ్మ పచ్చగా ఉన్నంతసేపూ అల్లాను తలుచుకుంటుందని పెద్దలు చెప్పారు. మరి దాని మీది పురుగు తలుచుకోదా? ఈ రోజు మాత్రం ఆలోచించే వ్యవధి లేదు. రేపే ఆళ్లగడ్డలో భర్త అమీర్ బాషా బర్సీ. ఆయన పోయి ఏడాది. నంద్యాలలో ఆమె మిద్దె మీదున్న ఒక్క సబ్జా కుండీకీ పిండినల్లి పట్టింది. ఆకుల వెనక తెల్లగా, దూది అంటించినట్టు.

"పత్తికి కొట్టే మందు రోంత చల్లితే చస్తాయి గదమ్మా," అంది కూతురు జబీనా.

"విషం పూసిన కొమ్మ సమాధి మీద పెడతామా?"

"అయితే బజార్లో కొందాం."

"కొనింది వద్దు. నా చేత్తో పెంచిందే కావాల."

పక్కింటి మణెమ్మను పిలిచింది. మణెమ్మ ఒక ఆకు తిప్పి చూసింది.

"ఏందక్కా ఇది, చెట్టును పెంచినావా, పురుగుల్ని పెంచినావా?"

"నవ్వింది చాల్లే. చంపకుండా పోవా ఇవి?"

"దేవుడు అడిగితే నా పేరు చెప్పు. వేపనూనె వద్దు, వాసన పోదు. కుంకుడు రసం తే."

మెత్తటి గుడ్డ రసంలో ముంచి, మణెమ్మ ఒక్కో ఆకునూ రెండు పక్కలా తుడిచింది. బాగుపడని కొమ్మల్ని తుంచేసింది. పొద్దుగూకేసరికి కుండీలో ఒక్క కొమ్మ మిగిలింది.

"మీ ఆయనకు ఇదొక్కటి చాల్లే," అంది చేతులు కడుక్కుంటూ.

"నువ్వూ రారాదా మణెమ్మా, ఆళ్లగడ్డకు?"

"ఆ ఊరికి నేను రాను."

మణెమ్మ మొహం తిప్పుకుని మెట్లు దిగిపోయింది.

"చిన్నమ్మకు ఆ ఊరంటే అంత కోపమెందుకు?" అంది జబీనా. చాంద్‌బీ మిగిలిన కొమ్మను తుంచి తడిగుడ్డలో చుట్టింది.

మరునాడు ఆళ్లగడ్డ ఖబరస్తాన్ గేటు బయటే నిలబడి తల్లీకూతుళ్లు దువా చేశారు. ఆడవాళ్లు లోపలికి పోరు. చాంద్‌బీ తమ్ముడు జహీర్ చెయ్యి చాపాడు.

"కొమ్మ ఇయ్యక్కా, బావకు పెట్టొస్తా."

చాంద్‌బీ పూలపొట్లం మాత్రం ఇచ్చింది. కొమ్మను తడిగుడ్డలోనే ఉంచుకుని రోడ్డు వెంట నడిచింది.

"యాడికి పోతాండావమ్మా?" జబీనా వెనకే వచ్చింది.

క్రైస్తవుల సమాధుల్లో, గోడ వారగా, జానెడు సిమెంటు దిమ్మె. పైన సగం చెరిగిన శిలువ. చాంద్‌బీ దాని మీది గడ్డి పీకి, కొమ్మను కూతురి చేతికిచ్చింది.

"పెట్టు."

"ఎవరమ్మా?"

"మణెమ్మ కొడుకు. అందరం ఈ ఊర్లో ఉన్నప్పుడు, పుట్టిన వారానికే పోయినాడు. నాకు పాలు పడలేదు జబీనా, నువ్వు తాగి బతికింది వీని పాలే."