సగం గీసిన గడ్డం

ఆమె పరుగున సెలూన్లోకి వచ్చేసరికి కత్తి నేల మీద ఉంది. దాని పక్కనే భర్త చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. పిలిస్తే వెర్రిచూపులు చూస్తున్నాడు. సగం గడ్డం గీయించుకున్న ఆసామి నురగ మొహంతోనే గుమ్మం బయట నిలబడి మెడ తడుముకుంటున్నాడు.

"చచ్చి బతికానమ్మా! కత్తి నా పీక మీదుండగానే మీ ఆయన చెయ్యి వణికింది," అన్నాడు.

ఆమె సంచిలోంచి పంచదార తీసి భర్త నోట్లో పోసింది. కాసేపటికి అతను మనుషుల్లో పడ్డాడు.

ఈమధ్య ఇదే వరస. షుగర్ ఉన్నట్టుండి పడిపోతోంది. ఇన్సులిన్ తగ్గించమంది డాక్టరమ్మ. తగ్గించారు. అయినా పడిపోతూనే ఉంది. ఆమె వేళకు తిండి పెట్టింది, మధ్యమధ్యలో బిస్కెట్లు అందించింది, మొక్కని దేవుడు లేడు. షాపుకొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే మాయమయ్యారు. వణికే చేతికి పీక ఎవరప్పగిస్తారు? షాపు పోతే పోయింది, మనిషి దక్కితే చాలనుకుంది ఆమె. ఏదో ఒక రోజు తను వచ్చేలోపే అంతా అయిపోతుందన్న భయం ఆమెను నిలువునా తినేస్తోంది.

ఆసామి వెళ్ళగానే షట్టరు దించేసి, భర్తను తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"తగ్గించిన డోసుకి ఇలా పడిపోకూడదే," అంది డాక్టరమ్మ. "నిజం చెప్పండి. ఎంత తీసుకుంటున్నారు?"

అతను తల వంచుకున్నాడు.

"పొద్దున్నే చూసుకుంటే బాగా ఎక్కువుంటోందమ్మా. భయమేసి, ఈవిడ చూడకుండా ఇంకాస్త ఎక్కించుకుంటున్నా."

"మీ పీక మీరే కోసుకుంటున్నారా!" ఆమె భోరుమంది. "నేనిక్కడ క్షణక్షణం చస్తుంటే, నా దగ్గరా దాపరికం?"

"నువ్వు బెంగపడతావనే కదే!"

డాక్టరమ్మకు అనుమానం తీరలేదు. "తెల్లారేసరికి అంతెందుకు పెరుగుతోంది? రాత్రిళ్ళు దొంగతిండి తింటున్నారా?"

"ఒట్టమ్మా! పడుకున్నాక మంచినీళ్ళు తప్ప ఇంకేం ముట్టను. కావాలంటే దీన్నే అడగండి."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

నిద్రలో షుగర్ పడిపోతే తనకు తెలియదేమోనని, రోజూ రాత్రి అతణ్ణి మగతలోనే లేపి, మంచినీళ్ళంటూ తను తాగిస్తున్నది గ్లూకోజు నీళ్ళని చెప్పడానికి ఆమెకు నోరు పెగల్లేదు.