చిన్నేరి నీరుగంటి

"తూము తెరవమంటే నా గేటు ముందర నిలబడి ఏం చేస్తా ఉండావక్కా?"

బాలాజి మేడమెట్ల మీద నుంచి అరిచాడు. కింద హాల్లో మోకాలి లోతు నీళ్లు. చెప్పులు, చాప, పిల్లల బొమ్మలు తేలుతున్నాయి.

పంచవర్ణం గడ్డపారను గేటుకు ఆనించి, తనలో తాను ఏదో లెక్కపెట్టుకుంటోంది. చిన్నేరి చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచే నీరుగంటి ఆమే. మామ తర్వాత మొగుడు, మొగుడి తర్వాత ఆమె. ఆరేళ్లుగా ఎండిన చెరువులోకి ఇప్పుడు నీళ్లొచ్చాయి. ఊళ్లో చినుకు లేదు. కొండల్లో కురిసిన వాన దిగివచ్చి, చెరువు కడుపులో వేసిన ప్లాట్లలో నిలబడింది. గట్టుకు అవతల మాత్రం బోరు ఎండిపోయి, ఆమె ఎకరం వరి పాలు పోసుకునే వేళకు మడి నెర్రెలిచ్చింది. ఈ రోజు తడి అందకపోతే మిగిలేది తాలే.

"లోపలికి రానీ తంబీ. దానికే వచ్చినాను."

"లోపల ఏముందని? కాఫీ పెట్టాలంటే గ్యాసు బండ కూడా తేలతా ఉంది!"

"కాఫీ ఎవరడిగినారు?"

"నల్లంపల్లి నుంచి మోటారు తెప్పించినాను. తోడేకొద్దీ వస్తా ఉంది. అలుగులో పోతుందా అంటే దాని మీద రోడ్డేసినారంట. ఇదేం ఊరక్కా!"

"ముందర చెరువులో ఎరువుదిబ్బ వేసినారు. ఎవరూ అడగలేదు. తర్వాత గడ్డివాములు. తర్వాత మీ ప్లాట్ల రాళ్లు. కడాన రోడ్డు. వచ్చినవాడల్లా కొంచెమే గదా అన్నాడు."

"నాకు కతలొద్దు. పట్టా చూసే కొన్నాను. తూము తెరిచేది నీ పని. పో, తెరువు!"

పంచవర్ణం కదలలేదు. "వంటింట్లో కింద టైల్సా, మార్బులా?"

బాలాజి తల పట్టుకున్నాడు. "కీర్తికా, విన్నావా? ఇల్లు మునుగుతా ఉంటే ఈమెకు మార్బుల్ కావాలంట!"

అతని భార్య కీర్తిక మిక్సీని చంకలో పెట్టుకుని పైనుంచి తొంగిచూసింది. "పునాది వేసిన దినం కూడా ఇట్లే వచ్చి నిలబడింది. ఏమో చెప్పబోతే, ఎందుకులే పాపం అని చీర పెట్టి పంపితిమి గదా."

"ఆ చీర కట్టుకునే వచ్చినానమ్మా. నా మాట మాత్రం ఆ దినమూ వినలేదు, ఈ దినమూ వినలేదు."

ఇక అనుమతి అడగలేదామె. గడ్డపార భుజాన వేసుకుని, గేటు తోసి, నీళ్లలోకి దిగింది.

"చెరువు గట్టు మీది గుర్తురాయి నుంచి ఇక్కడికి ఇరవై ఎనిమిది," అంది. హాలు దాటుతూ అడుగులు లెక్కపెట్టింది. "ముప్పై నాలుగు... ముప్పై ఐదు..."

"అడుగులెందుకు లెక్కపెడతా ఉండావు? నీకేమన్నా పిచ్చా?" బాలాజి నీళ్లలో పడుతూ లేస్తూ వెంటపడ్డాడు. "తూము దగ్గరికి పోవే తల్లీ!"

"నలభై."

వంటింట్లో, నల్లరాతి గట్టు మీద మెరుస్తున్న కొత్త పొయ్యి ముందు పంచవర్ణం ఆగింది. గడ్డపార మొనతో నీళ్ల అడుగున టంగుమని తట్టింది.

"ఈ పొయ్యి గట్టు కొట్టేయాలి తంబీ. తూము దీని కిందే ఉండాది."