చెవిలో మాట

“కళ్ళల్లో గ్లిజరిన్ వేసెయ్యండి సార్. నన్ను వదిలితే ఆసుపత్రికి వెళ్ళాలి,” అన్నాడు పాప తండ్రి.

డైరెక్టరు చేతులు జోడించాడు. “మీ అమ్మాయికి గ్లిజరినా? జనం నవ్విపోతారు మాస్టారూ! సాయంత్రం ఈ సెట్టు పీకేస్తారు. ఒక్క షాటే. మీ మంత్రం చెవిలో ఊది వెళ్ళిపోండి.”

కుర్చీలో కాళ్ళూపుకుంటూ కూర్చున్న పాపకు సంబరంగా ఉంది. పొద్దున్న ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పటినుంచి నాన్న కాలు ఒకచోట నిలవడం లేదు. అమ్మను ఇంటికి తెచ్చుకోవడానికే అయ్యుంటుంది. ఈ వారంలో పంపించేస్తానని డాక్టరు అన్నాడు కదా!

నాటకాలు నేర్పే నాన్న, ఐదో ఏటే పాపను అద్దం ముందు నిలబెట్టాడు. నడక వచ్చింది, మాట వచ్చింది, ఏడుపు మాత్రం ససేమిరా రానంది. విసిగిపోయి ఒకరోజు చెవిలో అన్నాడు: “అమ్మ చచ్చిపోయింది.” అంతే, పాప గుక్కపట్టింది. ఆ ఏడుపే మొదటి సినిమాను ఆడించింది. ఇప్పుడు పెద్ద పెద్ద హీరోలు పాప డేట్ల కోసం పడిగాపులు కాస్తున్నారు. మేకప్ మావయ్యయితే పాపను “కుళాయి” అనే పిలుస్తాడు.

అబద్ధమని తెలిసినా ఆ మాట వింటే పాపకు నిజమేమోనని భయమేస్తుంది. అందుకే ఒక షరతు పెట్టింది. షాటు కాగానే నాన్న అమ్మకు ఫోను కలపాలి. “మళ్ళీ చంపేశాడా మీ నాన్న నన్ను?” అని అమ్మ పకపకా నవ్వుతుంది. అప్పుడుగానీ పాప ప్రాణం కుదుటపడదు.

“త్వరగా చెప్పు నాన్నా. నాకసలు నవ్వొచ్చేస్తోంది.”

నాన్న ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు. పాప భుజం మీద చెయ్యి వేశాడు. అబ్బ, ఇవాళ నాన్నే నాకంటే బాగా చేస్తున్నాడు అనుకుంది పాప.

“అమ్మ... చచ్చిపోయింది తల్లీ.”

పాప వెక్కి వెక్కి ఏడ్చింది. లైట్ల దగ్గరున్న పెద్దాయన కూడా ముక్కు చీదుకున్నాడు.

“కట్! అద్భుతం!” డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

పాప బుగ్గలు తుడుచుకుని చెయ్యి చాచింది. “ఫోను కలుపు నాన్నా. అమ్మ ఎదురుచూస్తుంటుంది.”

నాన్న చెయ్యి జేబు వైపు వెళ్ళలేదు. పాపను గట్టిగా గుండెకు హత్తుకున్నాడు.

ఈసారి నాన్న అబద్ధం చెప్పలేదు.