ఏడో మెట్టు దాకా

పెడనలో అద్దకం చీరలు ఉడికించే ప్రతి కొట్టులోనూ ఇప్పుడు లెక్కపెట్టెలు ఉంటున్నాయి. ఎరుపు రంగునిచ్చే వేరుముక్క ఒకటి అందులో పెడితే, దాని అణువుల్లో ఎలక్ట్రాన్ల తీరు లెక్కగట్టి, బానలో ఏ ఎరుపు వస్తుందో ముందే తెర మీద చూపిస్తుంది. ఎంత నిక్కచ్చిగా లెక్కగట్టాలో చెప్పడానికి పది మెట్లు ఉంటాయి; మెట్టు పెరిగేకొద్దీ లెక్క తేలడానికి ఎక్కువసేపు పడుతుంది.

కొత్తగా చేరిన సుభాషిణి పదో మెట్టు నొక్కింది. రెండు రోజులు పడుతుందని చూపించింది పెట్టె. నానబెట్టిన నలభై చీరలు ఈ పొద్దే బానలోకి దిగకపోతే మరకలు కడతాయి.

"దాన్ని అట్టా ఉండనియ్యమ్మా. పక్క పెట్టె ఇటు తియ్యి," అంది బాన చూసుకునే నాంచారమ్మ.

ఆ పెట్టెలో మూడో మెట్టు నొక్కితే కాసేపట్లోనే దానిమ్మగింజ ఎరుపు కనబడింది. వాళ్ళకు కావలసింది అదే. సుభాషిణి మురిసిపోయింది. నాంచారమ్మ మాత్రం నాలుగు నొక్కింది. రంగు వెలిసింది. ఐదులో ఇంకాస్త వెలిసింది. ఆరులో కదల్లేదు. ఏడులోనూ కదల్లేదు.

"మాట మార్చడం మానేసిందిగా, ఇంక నమ్మొచ్చు. వేరు బలం చాల్లేదు. బానలో ఇంకో బుట్టెడు వెయ్యి," అంది నాంచారమ్మ.

సాయంత్రానికి కాలవగట్టు మీద నలభై చీరలూ దానిమ్మగింజ రంగులో ఆరుతుంటే సుభాషిణి చూపు తిప్పుకోలేకపోయింది.

మూడోనాడు పదో మెట్టు లెక్క వచ్చింది. ఏడు చూపించిన ఆ వెలిసిన ఎరుపే, వెంట్రుకవాసి తేడా లేదు. సుభాషిణి పరుగున వెళ్ళి చెప్పింది. బాన తోముతున్న నాంచారమ్మ తల కూడా ఎత్తలేదు.

"పాపం, దానికిప్పుడు తెలిసిందా," అంది.