కళ్ళజోడు నమస్కారం

"మైకు నా చేతికి రానీ. 'నా నమస్కారం దొంగిలించింది నువ్వు కాదా సుబ్బరాజూ?' అని అందరిముందూ అడిగేస్తా," అన్నాడు ద్వారకానాథ్, క్రెయిగీబర్న్ కమ్యూనిటీ హాలు ముందు వరసలో టై సరిచేసుకుంటూ.

"ఇప్పుడెందుకండీ అవన్నీ? శాలువా కప్పించుకుని, పులిహోర తినేసి పోదాం," అంది భార్య భ్రమరాంబ.

"నాన్నా, ప్లీజ్, సీన్ చెయ్యకు. మా ఆఫీసువాళ్ళు కూడా వచ్చారు," అంది కూతురు శ్రీలేఖ.

ముప్ఫై ఏళ్ళు టీవీలో రాత్రి ఏడింటి వార్తలు చదివి, రిటైరై విదేశంలో ఉన్న కూతురింటికి వచ్చాడాయన. తెలుగు సంఘం ఇవాళ జీవన సాఫల్య పురస్కారం ఇస్తోంది. సంఘంలో వర్గాలు రెండు కనక పురస్కారాలూ రెండు. రెండోది సుబ్బరాజుకి. అదే ఏడింటికి పోటీ చానెల్లో వార్తలు చదివిన ఆయన ఇప్పుడు ఆ దేశంలోనే ఇంకో ఊరు గంగాలిన్‌లో కొడుకు దగ్గరుంటున్నాడు.

వార్తలయ్యాక కళ్ళజోడు తీసి, మడిచి, నమస్కారం పెట్టడం ద్వారకానాథ్ ప్రత్యేకత. ఆలోచన భ్రమరాంబది. "నిండుగా ఉంటుందండీ," అంది. మర్నాడే మొదలెట్టాడు. వారం తిరక్కుండా తెలిసింది, సుబ్బరాజుదీ అదే నమస్కారమని! వాతావరణ వార్తల ముందు భ్రమరాంబ నవ్వమన్న చిరునవ్వూ అంతే, పండగనాడు వేసుకోమన్న పట్టు కండువా అంతే. ఇంటిదొంగ మేకప్‌మ్యానే అని తేల్చి, పాపం అతన్ని వంటల ప్రోగ్రాంకి మార్పించాడు.

"పైగా నేనే కాపీ కొట్టానన్నారు! నాకు సాక్షివి నువ్వొక్కదానివే. ఒక్కరోజైనా మిస్సయ్యావా?" అన్నాడు ద్వారకానాథ్ భార్యవైపు తిరిగి.

"ఏడు కొట్టేసరికి టీవీ ముందే ఉండేదాన్ని కదండీ," అంది భ్రమరాంబ, కొంగు సర్దుకుంటూ.

నిజమే. ఓసారి గోధుమరంగు కోటులో చదివి ఇంటికొస్తే "నీలం కోటు భలే ఉందండీ" అంది. టీవీలో రంగులు చెడిపోయాయని కొత్తది కొన్నాడు.

పిలుపొచ్చింది. శాలువాలు కప్పారు. ద్వారకానాథ్ మైకు లాక్కుని అడగాల్సింది అడిగేశాడు. ఈలలు ఆగిపోయాయి. పరిగెడుతున్న పిల్లలు కూడా నిలబడిపోయారు.

"నేనెవర్నీ కాపీ కొట్టలేదు మేష్టారూ," అన్నాడు సుబ్బరాజు, మొహం పాలిపోయి.

"మా ఆవిణ్ణే అడుగుదాం. రా భ్రమరా, చెప్పు!"

ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే సుబ్బరాజు అలవాటుకొద్దీ కళ్ళజోడు తీసి, మడిచి, నమస్కారం పెట్టాడు. భ్రమరాంబ మొహం విప్పారింది. భర్త మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"నేను రోజూ చూసింది సుబ్బరాజు గారి వార్తలేనండీ."