ఎనిమిది జీబీల జాగా

మంగళవారం ఉదయం పదీ నలభైకి సమీర్ ఆ ఫైలును తీసేశాడు. డిస్కులో ఎనిమిది జీబీల జాగా ఖాళీ అయింది.

ఆదోని బస్టాండు వెనక అతనిది కంప్యూటర్ రిపేరు షాపు. ఆ ఫైలు ఉన్న ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదని గోనెగండ్ల నుంచి పెద్దయ్య అనే కూలిమనిషి సోమవారం ఇచ్చిపోయాడు. ఛార్జింగ్ పిన్ విరిగింది. డిస్కు విప్పి తన కంప్యూటర్‌కు తగిలిస్తే నిండా నిండి ఉంది. నిండిన డిస్కు ఎవరిది వచ్చినా సమీర్ మొదట తీసేది హైబర్నేషన్ ఫైలే. ఎవరినీ అడగడు. ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని అడగలేదు.

మూత వేసి వదిలేసిన ల్యాప్‌టాప్, బ్యాటరీ అయిపోయే ముందు మెమరీలో ఉన్నదంతా డిస్కు మీదికి దింపుకుని పడుకుంటుంది. సేవ్ చేయని కాగితం కూడా అందులో ఉంటుంది. మళ్లీ ఆన్ చేస్తే ఎక్కడ ఆపారో అక్కడే తెరుచుకుంటుంది. అందుకు తినే జాగాయే ఆ ఫైలు.

పదకొండూ పదికి పెద్దయ్య ఫోన్ చేశాడు.

"అప్పా, నిన్న ఒక మాట సెప్పడం మర్సినా. మా కూతురు కృప దాంట్లో ఏందో రాస్తా సగంలో ఇడిసింది. అది పోకుండా సూడు."

"యాడ సేవ్ చేసిందో ఆ పాపనే అడిగి చెప్పన్నా."



"పాప లేదప్పా. మార్చిలో జరమొచ్చి పోయింది."

ఫోన్ ఆయన భార్య దానమ్మ చేతికి వెళ్లింది.

"మా చర్చిలో తల్లుల ఆదివారం అని సేస్తారు నాయనా. పిల్లోళ్లు లేసి నిలబడి, వాళ్లమ్మ గురించి రాసింది సదువుతారు. ఇది నా గురించి రాస్తా ఉన్నింది. ఏం రాస్తాండావే అంటే, ఆ పొద్దు ఇందువులే అని మూత ఏసింది. మళ్లా తీయలేదు. ఈ ఆదివారమే ఆ పండగ. నాకు సదువు రాదు. రేపు వస్తాం, నువ్వు సదివి ఇనిపిస్తావా?"

"రండమ్మా," అన్నాడు సమీర్. చెప్పాల్సిన మాట అది కాదు.

మధ్యాహ్నమంతా వెతికాడు. పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్లు రెండు నడిపాడు. ఏమీ రాలేదు. తనకు పని నేర్పిన అబ్దుల్ గనీకి ఎమ్మిగనూరుకు ఫోన్ చేశాడు.

"ఈ రకం డిస్కులో పోయింది పోయినట్లే బేటా. నిజం సెప్పేయ్. తిడతారు, పోతారు. నన్ను ఎంతమంది తిట్టలే?"

బుధవారం పది గంటలకు వాళ్లిద్దరూ వచ్చారు. దానమ్మ కౌంటర్‌కు ఇవతల స్టూలు మీద కూర్చుంది. పొరపాటైందమ్మా అనే మాట సమీర్ ఇంటి దగ్గరి నుంచీ అనుకుంటూనే వచ్చాడు. ఆమే ముందు అడిగింది.

"ఒక పేజీ ఉంటాదా నాయనా, రెండా?"

"ఒకటమ్మా."

ఇక తెర మీద ఏదో ఒకటి ఉండాలి. కృప ఫైళ్లలో తెలుగులో ఉన్నది ఒకటే దొరికింది. హాస్టల్ నిబంధనలు, పద్నాలుగు. పిన్ మార్చి, డిస్కు తిరిగి బిగించిన ల్యాప్‌టాప్‌లో అది తెరిచాడు. దానమ్మ వైపు ల్యాప్‌టాప్ వీపు ఉంది. పెద్దయ్య కౌంటర్ చుట్టి వచ్చి సమీర్ భుజం వెనక నిలబడ్డాడు. కూలిమనిషికి అక్షరాలు కనిపిస్తే చాలనుకున్నాడు సమీర్.

"సదువప్పా," అన్నాడు పెద్దయ్య. "ఆమె ఇనల్ల."

"మా అమ్మ పేరు దానమ్మ. అందరికంటే ముందు లేస్తాది. అందరూ తిన్నంక తింటాది."

ఆ రెండూ సమీర్ తల్లి షాహిదాబీ సంగతులు. మూడోది రాలేదు.

"కింద సూడు," అన్నాడు పెద్దయ్య. "సుగ్గికి పోయినప్పటిది ఉండల్ల. మిరప కోతకు, గుంటూరు దిక్కు."

సమీర్ కిందికి చూశాడు. ఏడో నిబంధన: ఎనిమిది తర్వాత గేటు తీయబడదు.

"ఉందన్నా. మా అమ్మానాయనా నన్ను ఇడిసిపెట్టి సుగ్గికి పోతాంటే..."

"బస్సు ఎనక ఉరికింది రాసిందా? మూడో తరగతిలో?"

"రాసింది. నేను మూడో తరగతి. బస్సు ఎనక ఉరికినా. మా అమ్మ..."

"దిగినా కదా!" అంది దానమ్మ. స్టూలు మీది నుంచి లేచింది. "మూటతో దిగేసినా. ఆ ఏడు పోనే లేదు నేను. అది యాదికుందా దానికి?"

"ఉందమ్మా. 'మూటతో దిగేసింది, ఆ ఏడు సుగ్గికి పోలేదు' అని రాసింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బస్సుది ఇంగొకసారి సదువు నాయనా."

చదివాడు. మాట మారకుండా చదివాడు.

"ఆఖర్న ఏముంది?"

"సగంలో ఆగిందమ్మా."

ఆ కాగితం గురించి సమీర్ చెప్పినవాటిలో అతనికి నిజమని తెలిసింది అదొక్కటే.

"సగంలోనే," అంది దానమ్మ. "అది ఏ పని నిండా సేసిందని? అంట్లు గూడా సగమే తోమేది."

ల్యాప్‌టాప్‌ను ఎదకు పట్టుకుని బయట ఆగిన ఆటో వైపు నడిచింది.

సమీర్ రసీదు పుస్తకం తెరిచి, వేలిముద్రకు ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు.

పెద్దయ్య ప్యాడ్‌ను పక్కకు నెట్టి, పెన్ను తీసుకుని, 'సామాను ఉన్నది ఉన్నట్టుగా అందినది' అని అచ్చులో ఉన్న వరుసలో 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న రెండు మాటలూ కొట్టేసి, కింద తన పేరు, ఊరు, తేదీ రాశాడు.